లంకమలకు టన్ను లెక్క పొసుగుతుందా?

వేదిక కడప. వాదానికి పెట్టుకున్న విషయం ఇది: అభివృద్ధి చెందుతున్న దేశాలు అడవి నరకకుండా ఆపితే, గాలిలో కలవకుండా మిగిలిన కర్బనానికి టన్నుకింత అని డబ్బిచ్చే ‘రెడ్ ప్లస్’ పద్ధతి కడప జిల్లా లంకమల కొండల్లాంటి మన ఎండు అడవులకు పనికొస్తుందా? వస్తుందనేది అడవి శాఖలో రేంజరుగా చేసి రిటైరైన పెద్దాయన. రాదనేది అడవుల్లో కర్బనం కొలిచే పనిలో ఉన్న చిన్నాయన.

రేంజరు: చెట్టు కొడితే దుడ్డు, నిలిపితే సున్నా. అడవి పోయేది ఈడనే అబ్బీ. 2005లో మాంట్రియల్ వాతావరణ సమావేశంలో పాపువా న్యూగినీ, కోస్టారికా లేపిన మాట ఇదే. 2013లో వార్సాలో నియమాలు కుదిరినాయి, 2015 పారిస్ ఒప్పందంలో ఐదో అధికరణంలోకి ఎక్కింది. పనిచెయ్యదంటే బ్రెజిల్‌ను చూడు. అమెజాన్‌లో 2004లో 27 వేల చదరపు కిలోమీటర్లు దాటి పోయిన అడవి, 2012కు నాలుగున్నర వేలకు దిగింది. అమెజాన్ నిధికి నార్వే వంద కోట్ల డాలర్ల దాకా ఇస్తామంది గదా?

కొలతాయన: వరస చూడన్నా. ఆ నిధి పుట్టింది 2008లో. అప్పటికే నరికివేత సగానికంటే కిందికి వచ్చింది. దించింది శాటిలైట్ నిఘా, జరిమానాలు. దుడ్డు వెనకాల వచ్చింది. పట్టు సడలినాక 2021లో మళ్లీ 13 వేలు దాటింది.

రేంజరు: వెనకాల రావడమే దాని పద్ధతి. ఫలితం చూసినాకనే ఇచ్చేది.

కొలతాయన: ఫలితమంటే ఏంది? ‘మేము ఆపకపోయుంటే ఇంత పోయేది’ అనే ఊహలోంచి, నిజంగా పోయింది తీసేస్తే మిగిలేది. ఆ ఊహను పెద్దగా వేసుకున్నోళ్లకు క్రెడిట్లు, అంటే అమ్ముకునే టన్నుల పత్రాలు, ఎక్కువ. 2023లో సైన్స్ పత్రికలో 26 ప్రాజెక్టులను అట్లాంటివే వేరే అడవులతో పోల్చి చూసినారు. ఎక్కువ వాటిలో నరికివేత చెప్పుకున్నంత తగ్గనే లేదు.

రేంజరు: అది ప్రాజెక్టు ప్రాజెక్టుకూ విడివిడిగా అమ్ముకున్న క్రెడిట్ల బాగోతం. దేశం మొత్తానికి ఒకటే లెక్క పెడితే ఆ పప్పులుడకవు. లంకమలలో కాపలా పెడితే మేకలు పాలకొండలకు పోతాయి. విడి లెక్కలో అది దాగుతాది, దేశం లెక్కలో బయటపడుతుంది. మన దేశం 2018లో ఐక్యరాజ్యసమితికి ఇచ్చింది దేశం లెక్కే.

కొలతాయన: సరే, కొలత సంగతికే వద్దాం. కొలిచే ప్లాటు 31.62 మీటర్ల చదరం కొడితే హెక్టారులో పదో వంతు. 1.37 మీటర్ల ఎత్తులో మాను చుట్టుకొలత తీసి, జాతి సూత్రంతో ఘనపరిమాణం, కొయ్య సాంద్రతతో బరువు, దానికి వేర్ల వాటా. ఆ బరువును 0.47తో గుణిస్తే కర్బనం, మళ్లీ 44/12తో గుణిస్తే కార్బన్ డయాక్సైడ్. పొరపాట్లు చెప్తా విను. 30 డిగ్రీల వాలులో టేపు నేలమీదే పరిస్తే ప్లాటు 13 శాతం చిన్నదవుతుంది. ఎర్రచందనం మోడు నుంచి 20 సెంటీమీటర్ల చుట్టుకొలత పిలకలు నాలుగు లేస్తాయి. విడివిడిగా కాకుండా కలిపి 80 అని రాస్తే, అడ్డుకోత వైశాల్యం నాలుగింతలు పలుకుతుంది.

రేంజరు: నేర్పితే సరిపోయే తప్పులు గదా అవి.

కొలతాయన: దుడ్డు లెక్క నేర్పితే మారదు. హెక్టారుకు 50 టన్నుల జీవద్రవ్యం, అంటే చెట్ల ఎండు బరువు, అనుకో. 23.5 టన్నుల కర్బనం, 86 టన్నుల కార్బన్ డయాక్సైడ్. పదివేల హెక్టార్లలో ఏటా నూటికి ఒకటి పోయేది పూర్తిగా ఆపినామనుకో, 8,600 టన్నులు. అభివృద్ధి చెందుతున్న దేశాలకు సాయమిచ్చే హరిత వాతావరణ నిధి 2019లో బ్రెజిల్‌కు కట్టిచ్చిన ధర టన్నుకు 5 డాలర్లు. ఆ లెక్కన 43 వేల డాలర్లు. రేపు అగ్గి పడితే అని ఐదో వంతు పక్కన పెట్టించుకుంటే 34,400. హెక్టారుకు మూడున్నర డాలర్ల లోపే. డాలరు 85 రూపాయలనుకుంటే మూడు నూర్లు రావు. అందులోనే మా కొలత కూలి.

రేంజరు: నువ్వు మొత్తం బోడి చేసిన అడవినే లెక్కేస్తాండావు. ఈడ జరిగేది అదా? దొంగలు ఎర్రచందనం మాను మానూ ఏరుకుంటారు. నేలను కప్పే చెట్ల కొమ్మల పందిరి 70 నుంచి 30 శాతానికి దిగినా, పది శాతం ఉంటే మన కాగితాల్లో అది అడవే. ఆ క్షీణత కలిపితే నీ అంకె లేస్తాది.

కొలతాయన: లేస్తాది, ఒప్పుకుంటా. అయితే పైనుంచి కనపడదు. శాటిలైట్ బొమ్మలో పది మీటర్ల చుక్కలో ఒక మాను పోతే ఏం తెలుస్తుంది? మార్చి బొమ్మ తీస్తే ఇంకా మోసం, ఆకు రాలి కొండంతా కొట్టేసినట్టే ఉంటాది. అందుకే అక్టోబరు, డిసెంబరు మధ్య బొమ్మలే వాడతారు. ఒక్కో మాను లెక్క కావాలంటే అదే ప్లాటుకు కాలినడకన మళ్లీ పోవాల్సిందే. ఇంకొకటి, బీడీ ఆకు చిగురుకనీ, మేతకనీ ఏటా అగ్గి పెడితే మొలకలు చస్తాయి, పెద్ద మాన్లు నిలుస్తాయి. మొలక బరువెంత? టన్నుల్లో ఏళ్ల తరబడి అంతా బాగున్నట్టే కనిపిస్తాది. అందుకే టన్నుకు కాదు, పనికి ఇయ్యమంటాను. జనవరిలో బోద గడ్డి కోసి, అగ్గి దాటకుండా తీసిన ఫైర్ లైనుకు కిలోమీటరుకింత.

రేంజరు: పనికే ఇచ్చినాం గదా వన సంరక్షణ సమితులకు! ప్రాజెక్టు ఉన్నన్నాళ్లు కూలి, అయిపోయినాక సమితి బోర్డు మీదే. టన్ను లెక్కయితే అడవి నిలిచినంత కాలం అడిగే హక్కుంటాది.

కొలతాయన: ఎవరికి హక్కు? నల్లమల చెంచులకా, శాఖకా? ఊరి అడవిని కాపాడుకునే హక్కు 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకిచ్చింది. పట్టా చేతికి రాకముందే టన్నులు అమ్మితే దుడ్డు పడేది వేరేవాళ్ల ఖాతాలో. స్థానికుల హక్కులను మన్నించాలని 2010లో కాంకూన్ వాతావరణ సమావేశంలో రాసుకున్నదీ అందుకే.

రేంజరు: పట్టా ముందు, సరే. పట్టాతో అగ్గి ఆరదు గదా. బయటి దేశపోడు టన్ను అడగకుండా కూలి ఇస్తాడా?

కొలతాయన: టన్ను లెక్క రాష్ట్రం చెప్పుకోనీ. ఊరికి మాత్రం కిలోమీటరు లెక్క. జనవరి ఆఖరుకు కోత కాకుంటే సగం కూలే.

రేంజరు: కోసింది నిజమా కాదా అని చూసేదెవరు? దానికీ టేపు పట్టుకోని నువ్వే రావాల. ఆ కూలి యాడ రాసినావు?