వరల్డ్ ఫేమస్ గారికి ఒక ప్రూఫ్‌రీడర్ విన్నపం

మహారాజశ్రీ వరల్డ్ ఫేమస్ గారికి,

నేనెవరో మీకు తెలీదు గానీ, మీరు నాకు రోజూ తగులుతూనే ఉంటారు. మొన్న దిద్దడానికొచ్చిన రెండు పేజీల రచయిత పరిచయంలో నాలుగుసార్లు తగిలారు. మొదటి వాక్యం: ‘వరల్డ్ ఫేమస్ రచయిత’. రెండో వాక్యమంతా ఆయనెవరో చెప్పడానికే సరిపోయింది. లోకమంతా ఎరిగిన మనిషిని మళ్లీ లోకానికి చూపించి ‘ఈయన ఫలానా’ అనడమేమిటండీ? నా ఎర్రపెన్ను అక్కడే ఆగింది.

నిఘంటువులో మీ అర్థం సూటిగానే ఉంది: ప్రపంచమంతటా పేరున్న. ఇంగ్లీషులో మీ రెండు ముక్కల్నీ కలుపుతూ ఒక అడ్డగీత ఉంటుంది. వాడకంలో ఆ గీత ఎక్కడో జారిపోయింది, దాని వెనకే అర్థమూ. ఇప్పుడు మీ ముందు ‘చాలా’ కూడా తగిలిస్తున్నారు. ప్రపంచమంతా అయ్యాక ఇంకా చాలా ఏమిటి, పక్క గ్రహాలా?

మీ పుట్టింటి సంగతీ తెలుసు లెండి. ‘ఫేమస్’కి మూలం లాటిన్ ‘ఫామా’. అంటే జనం చెప్పుకునే మాట, పుకారు కూడా. రోమన్ కవి వర్జిల్ ఈ ఫామాని ఒంటినిండా కళ్లూ, నాలుకలూ, చెవులూ ఉన్న భూతంగా వర్ణించాడు. పరిగెత్తేకొద్దీ బలం పుంజుకుంటుందట. పోలికలు ఎక్కడికి పోతాయి!

అయినా మీకో పట్టింపుంది, మెచ్చుకోవాలి. దొంగల పక్కన సాధారణంగా నిలబడరు, వాళ్లని ‘నొటోరియస్’కి వదిలేస్తారు. మా ‘పేరుమోసిన’కి అదీ లేదు, డాక్టర్నీ మోస్తుంది, గజదొంగనీ మోస్తుంది.

మీతో నిజాయితీగా ఉన్నది న్యూజీలాండ్‌వాళ్లే. అక్కడో కూల్‌డ్రింకు ‘న్యూజీలాండ్‌లో వరల్డ్ ఫేమస్’ అని ప్రకటన వేసుకుంది. హద్దు చెప్పి మరీ అబద్ధమాడటం ఎంత మర్యాద!

అసలు పేరొచ్చినప్పుడు మీరు కనబడరు. 1911 ఆగస్టులో ప్యారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం నుంచి మోనాలిసాని ఎత్తుకుపోతే, బొమ్మ లేని గోడ చూడ్డానికి జనం ఎగబడ్డారు. అక్కడున్నది కాస్త ఖాళీ జాగా, బొమ్మని తగిలించిన మేకులూ. రెండేళ్లు దాటాక, 1913 డిసెంబరులో, బొమ్మ ఫ్లోరెన్స్‌లో దొరికింది. అప్పటికి ఆవిడెవరో ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. మీ సాయం ఏమైనా అడిగిందా?

ఇంతకీ ఆ పరిచయంలో మిమ్మల్ని నాలుగు చోట్లా కొట్టేశాను. సాయంత్రం రచయితగారే ఫోన్ చేశారు. పరిచయం రాసుకున్నదీ ఆయనేనట.

“పోనీలెండి, అది తీసేస్తే తీసేశారు, ‘ఇంటర్నేషనల్లీ ఫేమస్’ అని పెట్టండి” అన్నారు.

ఇట్లు,
మీ వల్ల ఎర్రసిరా అయిపోయిన
ఓ ప్రూఫ్‌రీడర్