లాగ్‌బుక్‌లో కేసులు కాదు, సిలిండర్‌లో ఆక్సిజన్ లెక్కపెట్టించండి

చెన్నైలో ఎమర్జెన్సీ కేర్ చదువుతున్న మన నెల్లూరు, తిరుపతి, చిత్తూరు పిల్లలకి అంబులెన్స్ పోస్టింగ్ అంటే లాగ్‌బుక్ నింపడమే అయిపోయింది. ఎన్ని కేసులు చూశారు, ఎన్ని సంతకాలు పడ్డాయి, అంతే. ఇది తప్పు. షిఫ్ట్ మొదట్లో బండి చెక్ చేసే పని విద్యార్థిదే కావాలి. చూస్తూ నిలబడితే చాలదు, తన చేత్తో చేయాలి. ఈఎంటీ, అంటే బండిలో రోగిని చూసుకునే ఉద్యోగి, పక్కనుండి సరిచూడాలి.

ఒక్క ఆక్సిజన్ సంగతే తీసుకోండి. బి-టైప్ సిలిండర్‌లో నీళ్లు పోస్తే 10 లీటర్లు పడతాయి. 150 బార్ ఒత్తిడి దాకా నింపితే సుమారు 1500 లీటర్ల ఆక్సిజన్. గేజ్ ముల్లు 50 దగ్గరుంటే "ఇంకా మూడో వంతు ఉందిలే" అని వదిలేస్తారు. చివరి 15 బార్ ముట్టుకోకుండా లెక్క కట్టండి. మిగిలింది 35 బార్, అంటే 350 లీటర్లు. ఎక్కువ ఆక్సిజన్ ఇచ్చే సంచి మాస్క్, అదే నాన్‌రీబ్రీదర్‌కి నిమిషానికి 15 లీటర్లు పెడితే 23 నిమిషాల్లో అయిపోతుంది. సాయంత్రం ఆరున్నరకి వేళచ్చేరి నుంచి సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న జీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి)కి 23 నిమిషాల్లో చేరతామని ఎవరూ మాటివ్వలేరు.

ఆ ముల్లు కూడా మోసం చేస్తుంది. ముందు షిఫ్ట్ వాళ్లు వాల్వ్ కట్టేసి, రెగ్యులేటర్‌లో చిక్కుకున్న గ్యాస్ వదలకుండా వెళ్లిపోతే, వాల్వ్ మూసి ఉన్నా ముల్లు పైనే నిలబడి ఉంటుంది. అందుకే వాల్వ్ నెమ్మదిగా తెరిచి రీడింగ్ రాసుకోవాలి. తర్వాత వాల్వ్ మూసి ఒక నిమిషం ముల్లునే చూడాలి. మెల్లగా దిగుతోందంటే ఎక్కడో లీకు ఉంది, ముందు చూడాల్సింది నలిగిన వాషర్. చివర్లో ఫ్లోమీటర్ తిప్పి మిగిలిన గ్యాస్ వదిలేయాలి. ఇంతా చేస్తే మూడు నిమిషాల పని.

గొంతులో కఫం, రక్తం లాగే సక్షన్ మిషన్ ట్యూబ్ మడిచి పట్టుకుంటే గేజ్ 300 ఎంఎం హెచ్‌జీ దాటాలి, అదీ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద. ఆగిన గుండెకి షాక్ ఇచ్చే ఏఈడీ ప్యాడ్ల కవర్ మీద తేదీ చూడాలి. ఎండలో నిలబెట్టిన బండిలో గ్లూకోమీటర్ స్ట్రిప్స్ పాడవుతాయి, మే నెలలో ఇది మరీ ముఖ్యం. పిల్లల సైజు మాస్క్ ఉందో లేదో బండి కదలకముందే తెలియాలి.

ఇక భాష. చిత్తూరు పిల్లలకి తమిళం కొంత వచ్చు, కానీ కొంత రావడమే ప్రమాదం. ఇంట్లోవాళ్లు "మయక్కం" అంటే మనకి మైకం గుర్తొచ్చి తాగాడేమో అనుకుంటాం. వాళ్లు చెప్తున్నది కళ్లు తిరగడం, స్పృహ తప్పడం. "వలి" అంటే నొప్పి, "వలిప్పు" అంటే ఫిట్స్. ఆ ఒక్క అక్షరం వినబడకపోతే మూర్ఛ వచ్చిన మనిషికి ఒళ్లునొప్పులని రాసేస్తారు. "మూచ్చు వాంగుదు" అంటే ఆయాసం. పోస్టింగ్‌కి ముందు ఇలాంటి ముప్పై మాటలు నేర్పితే చాలు, ఏ కాలేజీకైనా ఒక మధ్యాహ్నం పని.

పక్షవాతం కేసులో ఈ భాషే ప్రాణం. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సాధారణంగా నాలుగున్నర గంటల గడువు. తెల్లారి ఆరింటికి చెయ్యి పడిపోయి ఉండటం చూశామంటే లెక్క ఆరింటి నుంచి కాదు, రాత్రి పదింటికి బాగా మాట్లాడి పడుకున్నాడంటే ఆ పదింటి నుంచి. "ఎప్పుడైంది" అని కాదు, "చివరిసారి బాగా ఉన్నది ఎప్పుడు చూశారు" అని అడగాలి. షుగర్ కూడా చూసి తీరాలి. షుగర్ పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే కనబడొచ్చు.

రోడ్డు ప్రమాదమైతే మనవాళ్లకి ఒక మాట చెప్పండి. 2021 డిసెంబర్ 18న మొదలైన తమిళనాడు ప్రభుత్వ ఇన్నుయిర్ కాప్పోం పథకం కింద, అందులో చేరిన ఆసుపత్రుల్లో మొదటి 48 గంటల చికిత్స ఉచితం. వేరే రాష్ట్రం వాళ్లకీ వర్తిస్తుంది. ఇది తెలియక బిల్లుకి భయపడి దెబ్బ తగిలిన మనిషిని కారులో ఊరికి తీసుకెళ్లిపోతారు.

కొందరు పిల్లలు తర్వాత బ్రిటన్ వెళ్లాలనుకుంటారు. అక్కడ ఆరోగ్య వృత్తుల వాళ్లని నమోదు చేసే సంస్థ హెచ్‌సీపీసీలో నమోదు కాకుండా పారామెడిక్ అని చెప్పుకోవడమే నేరం. లాగ్‌బుక్‌లో ఎన్ని సంతకాలున్నా, చేత్తో చేయని పని అక్కడ అడిగినప్పుడు బయటపడుతుంది.

కాబట్టి కాలేజీలు లాగ్‌బుక్ పేజీ మార్చాలి. కేసు నంబర్ కింద మూడు గళ్లు పెట్టండి: షిఫ్ట్ మొదట్లో ఆక్సిజన్ ఎన్ని బార్, రోగిని చివరిసారి బాగా చూసింది ఎన్నింటికి, ఆసుపత్రిలో ఎవరికి ఏం చెప్పి అప్పగించారు. ఆ మూడూ నిండాకే సంతకం.