మా గౌరి కడుపు ఫంక్షన్ హాలు చెత్తకుండీ కాదు పెదనాన్నా

నిన్న రాత్రి పదకొండున్నరకి నేనెక్కడున్నానో తెలుసా? పశువుల కొట్టంలో. ఒక చేతిలో సెల్‌ఫోన్ లైటు, ఇంకో చేతి పిడికిలి మా గౌరి ఎడమ డొక్క మీద. మామూలు రోజుల్లో అలా చెయ్యి ఆనిస్తే నిమిషానికి ఒకటి రెండుసార్లు లోపల తిరగలి తిరిగినట్టు కదలిక తెలుస్తుంది. నిన్న ఏమీ లేదు. నొక్కితే పిడికిలి పిండిముద్దలో దిగినట్టు దిగింది. మూతి దగ్గరికి పోతే పులిసిన వాసన. నెమరు ఆగిపోయింది. సాయంత్రం పూట ఐదు లీటర్లిచ్చే ఆవు లీటరున్నర ఇచ్చి తల వాల్చేసింది.

కారణం నాకు ఎవరు చెప్పారనుకుంటున్నారు? మా పెదనాన్నగారి వాట్సాప్ స్టేటస్. మొన్న రాత్రి ఆయన మనవరాలి ఓణీల ఫంక్షన్ అయింది. నిన్న పొద్దున్న నేను పాలకేంద్రానికి వెళ్లిన ఆ అరగంటలో ఆయన మా గేటు తీసుకుని వచ్చి మిగిలినవన్నీ దాని ముందు పెట్టేశారు. "గోమాత సేవ, జన్మ ధన్యం" అని రాసి, నాలుగు దండాల బొమ్మలు, వెనకాల పాట. ఫొటోలో ఇంత పెద్ద స్టీలు బేసిన్, నిండా పులిహోర, తెల్లన్నం, పైన బూరెలు. జూమ్ చేసి లెక్కపెట్టా. ఆరు బూరెలు. కనపడేవి ఆరు.

ఫోన్ చేస్తే ఏమన్నారో వినండి. "అన్నం పరబ్రహ్మ స్వరూపం అమ్మాయ్. అన్నం తిని ఎవరైనా జబ్బు పడతారా? దిష్టి తగిలుంటుంది. నాలుగు ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వెయ్యి."

సరే పెదనాన్నా. తిప్పుతా.

ఆవు కడుపంటే మన కడుపులాంటిది ఇంకాస్త పెద్దదని చాలామంది అనుకుంటారు. నాలుగు గదులుంటాయి దానికి. మొదటి గదే వంద లీటర్లకు పైగా పట్టే తొట్టి. ఆ తొట్టిలో జీర్ణం చేసేది ఆవు కాదు, కోట్లకు కోట్ల సూక్ష్మజీవులు. గడ్డి పీచుని అవి పులియబెట్టి ఆమ్లాలుగా మారుస్తాయి, ఆవుకి కావలసిన శక్తిలో దాదాపు 70 శాతం ఆ ఆమ్లాల నుంచే వస్తుంది. అందులో అసిటేట్ అనేదాన్నుంచే పాలలో వెన్న తయారవుతుంది. గడ్డి తగ్గిస్తే ఫ్యాట్ పడిపోయేది అందుకే. పాలకేంద్రంలో రీడింగ్ తగ్గిందని ఆ కుర్రాడితో పోట్లాడేవాళ్లు కాస్త గడ్డివాము వంక చూస్తే బాగుంటుంది. (మా వీధిలో ఒకాయన మిషన్‌నే తిడతాడు. ఆయన గేదెకి గడ్డి ఎప్పుడు వేశాడో ఆయనకే గుర్తులేదు.)

ఇప్పుడు ఆ తొట్టిలోకి ఒక్కసారిగా బేసిన్ నిండా ఉడికిన అన్నం, పాకం పడితే ఏమవుతుంది? పీచు తినే జీవులు మూలకి పోతాయి, పిండి తినే జీవులు విజృంభిస్తాయి. లాక్టిక్ ఆమ్లం పొంగుకొస్తుంది. 6, 7 మధ్య ఉండాల్సిన పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువైనట్టు) ఐదున్నర కిందికి జారుతుంది. అక్కడితో కడుపు కదలిక ఆగిపోతుంది, ఒంట్లో నీరంతా కడుపులోకి లాగేసుకుంటుంది, ఆవు కూలబడుతుంది. ఎక్కువైతే ప్రాణమే పోతుంది. మామూలుగా ఈ పులుపుని విరిచేది లాలాజలం. నెమరు వేసే ఆవుకి రోజుకి వంద లీటర్ల దాకా ఊరుతుంది, అందులో ఉండేది మన వంటసోడా లాంటి పదార్థమే. కానీ గడ్డి నమిలితేనే కదా అది ఊరేది! బూరె ఎంతసేపు నములుతుంది? పైగా రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలో అసలే రొప్పుతూ చొంగంతా నేలపాలు చేసుకుంటున్న ఆవు.

"మీ తాతయ్య పశువులకి అన్నం పెట్టలేదూ?" అంటారు. పెట్టారు. కుడితి గోలెంలో. బియ్యం కడుగు, గంజి, గుప్పెడు మెతుకులు, తవుడు, కాస్త తెలగపిండి. అదీ రోజూ అదే కొలత, పొట్ట నిండా వరిగడ్డి తిన్నాక. మేత ఏది మార్చినా రెండు మూడు వారాలు కొద్దికొద్దిగా మార్చాలని తాతయ్యకి ఏ కాలేజీ చెప్పలేదు. పిల్లిపెసర పచ్చిమేత కోత మొదలైతే మొదటి వారం గడ్డిలో కలిపి ఇంతింత వేసేవారు. ఆ తెలివి ఒక తరంలో ఎటు పోయిందో నాకు అర్థం కాదు.

మిరపకాయలంటే గుర్తొచ్చింది. గుంటూరులో మా పిన్ని వాళ్లిల్లు మిర్చి యార్డుకి దగ్గర. పెరట్లో రాలిన మిరపగింజల్ని వాళ్ల నాటుకోళ్లు వడ్లు ఏరుకున్నట్టు ఏరుకు తింటాయి. ఓసారి పెదనాన్న అక్కడికొచ్చి కర్ర పుచ్చుకుని వాటిని తరిమారు, "కారానికి చచ్చిపోతాయి" అని. కోడికి ఆ కారం తగలదు. మన నోట్లో మంట పుట్టించే క్యాప్సైసిన్‌ని పట్టుకునే ఏర్పాటు పక్షుల నరాల్లో లేదు. పైగా ఎర్ర మిరపలోని రంగు సొనలోకి దిగి ఎర్రగా నిగనిగలాడుతుంది. అదే రంగు చూసి "నాటుగుడ్డు బలం" అని మురిసిపోయేది కూడా ఈయనే. రంగుకీ బలానికీ సంబంధం లేదండీ, పసుపు మొక్కజొన్నో ఆకుకూరో పెడితే ఏ గుడ్డు సొనకైనా ముదురు రంగు వస్తుంది.

ఇంతకీ నిన్న బేసిన్ అడుగున మిగిలిన అన్నం ఎవరికి పోసి వెళ్లారో తెలుసా? మా కోళ్లకి. పళ్లు లేని జీవం. మింగింది మెడ కింద తిత్తిలో నాని, కందనకాయలో రాళ్ల మధ్య నలిగి, కొద్ది గంటల్లో బయటికి పోవాలి. ఆవుకున్నట్టు విటమిన్లు తయారుచేసిపెట్టే తొట్టి దానికి లేదు. ఒక పూట మెతుకులతో ఏం కాదు, అది ఒప్పుకుంటా. కానీ ఆయన తన పెరట్లో కోళ్లని నెలల తరబడి ఉత్త తెల్లన్నం మీద పెంచి, కాళ్లు చచ్చుబడితే "ఈ జాతే అంత" అంటారు.

ఈ కథ నూటముప్పై ఏళ్ల కిందటే అయిపోయింది. 1890 ప్రాంతంలో జావాలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు పెంచిన కోళ్లు ఇలాగే తూలిపడటం మొదలుపెట్టాయి. ఆయన సూక్ష్మజీవి కోసం వెతుకుతూ కూర్చున్నాడు. అవి తింటున్నది మిలిటరీ ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం. ఇంతలో వంటవాడు మారాడు. మిలిటరీ అన్నం మామూలు కోళ్లకి పెట్టేది లేదని కొత్త వంటవాడు భీష్మించుకున్నాడు. దాంతో పాలిష్ పట్టని బియ్యం వేశారు. కోళ్లు లేచి తిరిగాయి! పాలిష్‌లో పోయిన తవుడులో ఉన్నది బీ1 విటమిన్. తిన్న పిండిని శక్తిగా మార్చుకోవాలంటే అది ఉండి తీరాలి. 1929లో ఐక్‌మన్‌కి నోబెల్ వచ్చింది. వంటవాడికి ఏమీ రాలేదు. నాకెందుకో ఆ వంటవాడంటేనే గౌరవం.

నిన్న రాత్రి డాక్టరుగారు గౌరికి గొట్టం వేసి సోడా నీళ్లు పట్టి, సెలైన్ ఎక్కించి, చివర్లో వేసిన ఇంజెక్షన్ ఏంటనుకుంటున్నారు? ఆ బీ1. కడుపు పులిస్తే దాన్ని తయారుచేసే జీవులు కూడా దెబ్బతింటాయి మరి.

ఇంత తెలిసిన మా పెదనాన్న బ్రాయిలర్ కోడి మాత్రం ముట్టరు. "అంతా హార్మోన్ ఇంజెక్షన్లు" అంట. పెరుగుదల హార్మోన్ మేతలో కలిపితే అది మాంసకృత్తు కాబట్టి కడుపులోనే అరిగిపోతుంది. సూదితో వెయ్యాలంటే ఐదువేల కోళ్ల షెడ్డులో ఒక్కోదాన్ని పట్టుకుని పొడవాలి. పెదనాన్నా, మిరపకాయలు కొయ్యడానికే మనుషులు దొరకట్లేదు! నలభై రోజుల్లో రెండు కిలోలు తూగుతున్నాయంటే అది ఏళ్ల తరబడి జాతిని ఏరుకోవడం, మొక్కజొన్న, సోయా లెక్క కట్టి కలపడం. యాంటీబయాటిక్స్ గురించి అడగండి, నేనూ మీతో కలిసి తిడతా. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ని పశువుల్లో, కోళ్లలో వాడొద్దని 2019లో కేంద్రమే నిషేధించాల్సి వచ్చింది. కానీ ఆయనకి అది అక్కర్లేదు, ఫార్వర్డ్‌లో రాలేదుగా.

కిందటి వానాకాలం సంగతి చెప్తేగానీ నా కడుపు మంట చల్లారదు. చవగ్గా దొరికిందని వేరుశనగ చెక్క రెండు బస్తాలు తెచ్చి మా కొట్టంలో దింపారు. మూట విప్పితే ఆకుపచ్చ బూజు. "ఎండలో పోస్తే పోతుందిలే, పశువులకేగా." బూజు రాలుతుంది. అది వదిలిన విషం పోదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయింది బూజు పట్టిన వేరుశనగ చెక్కతోనే, అఫ్లాటాక్సిన్ అనే ఆ బూజు విషం బయటపడింది అప్పుడే. ఆవు తింటే లివర్‌ని దెబ్బతీస్తుంది, కొంత పాలల్లోకీ దిగుతుంది. రెండు బస్తాలూ గొయ్యి తీసి పూడ్చా. ఆర్నెల్లు నాతో మాట్లాడలేదాయన, డబ్బు మట్టిపాలు చేశానని. గౌరి పాలు పొద్దున్నే తాగేది ఎవరు? ఓణీలు వేసుకున్న ఆయన మనవరాలు.

"నీకేం తెలుసు, నువ్వేమన్నా డాక్టరువా?" అన్నారు రాత్రి. కాదు. ఎందుకు కాదో ఆయనే చెప్పాలి. పదో తరగతి అయ్యాక నాకు పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది. రెండేళ్ల డిప్లమా. నాన్న సరేనన్నారు, అమ్మ పెట్టె కూడా సర్దింది. ఈయన వచ్చి వరండాలో కూర్చుని, కాఫీ తాగుతూ, "ఆడపిల్లకి పేడ ఎత్తడానికి డిప్లమా ఎందుకురా" అన్నారు. ఒక్క మాట. నాన్న సంతకం పెట్టలేదు. బెజవాడలో ఒక హాస్టల్ కాలేజీలో ఎంపీసీలో పడేశారు. రెండేళ్లు నీళ్ల సాంబారు, నాకు ఏనాడూ ఎక్కని ఇంటెగ్రేషను. ఇప్పుడు కంకిపాడులో రెండు గేదెలు, ఒక ఆవు, పద్నాలుగు కోళ్లు. పేడ ఎత్తుతూనే ఉన్నా. డిప్లమా లేకుండా.

ఆయన గేదె ఈనలేక తిప్పలు పడినప్పుడు అర్ధరాత్రి తలుపు కొట్టింది మాత్రం నా ఇంటిదే. అప్పుడు అడగలేదు, డాక్టరువా అని.

ఈ పోస్టు ఆయన చూస్తారని తెలుసు, పిన్ని చూపిస్తుంది. చూడనీ. డాక్టరు ఫీజు, మందులు, మూడు పూటల పాలు కలిపి లెక్క రాసి పెట్టా, స్టేటస్‌లో అది కూడా పెట్టుకోవచ్చు.

గౌరి నిలబడింది. పొద్దున్న నాలుగున్నరకి గుప్పెడు ఎండుగడ్డి అందుకుంది. ఆరింటికి గొంతులో ముద్ద పైకి జరగడం కనిపించింది. బాగున్న రోజుల్లో ఒక్కో ముద్దని యాభై సార్లకు పైనే నములుతుంది. గడప మీద కూర్చుని లెక్కపెట్టా. ముప్ఫై ఒకటి. రెండో ముద్ద ముప్ఫై ఎనిమిది. మూడోది నములుతుండగా గేటు కిర్రుమంది. పెదనాన్న. చేతిలో సంచి, సంచిలో అరటిపళ్లు. నేను లేచి గేటుకి తాళం వేసొచ్చేసరికి లెక్క తప్పింది.