సున్నా పక్కన నక్షత్రం

నెట్‌వర్క్‌లో సమాచారానికి దారి చూపే రూటర్లు అమ్మే ఒక సంస్థ పంపిన కరపత్రం నా బల్ల మీద ఉంది. తమ పరికరానికి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు సేవలకు కలిగే అంతరాయం సున్నా అట. మామూలు సున్నా కాదు, పక్కన నక్షత్రం గుర్తున్న సున్నా. ఆ నక్షత్రాన్ని వెతుక్కుంటూ పుట అడుగుకు దిగితే, చీమలు చదువుకోవడానికి అచ్చువేసినట్టున్న అక్షరాల్లో అసలు మాట కనిపించింది: కొన్ని సందర్భాల్లో కొద్దిపాటి ట్రాఫిక్ నష్టం ఉండవచ్చు. సున్నాలో కొద్దిపాటి సున్నా, ఒక మోస్తరు సున్నా, ఊరందరి ఫోన్లూ మోగించే సున్నా అని రకాలున్నాయని ఈ వృత్తిలోకి వచ్చాకే తెలిసింది.

సిద్ధాంతానికి వంక పెట్టలేం. చాసిస్ అనే పెద్ద రూటర్ పెట్టెలో, దానికి మెదడులాంటి సూపర్‌వైజర్ కార్డులు రెండుంటాయి. ఒకటి ఏలుతుంటే రెండోది కాచుకుని ఉంటుంది. ముందు కాచుకున్నదానికి కొత్త వెర్షన్ ఎక్కించి, అది లేచి కుదురుకున్నాక పగ్గాలు దానికి అప్పగించి, ఆ తర్వాత పాతదాని సంగతి చూస్తారు. ఈలోగా ప్యాకెట్లనే సమాచారపు ముక్కల్ని మోసే లైన్‌కార్డులు పైన రాముడున్నాడో రావణుడున్నాడో పట్టించుకోకుండా తమ పని తాము చేసుకుపోతాయి. వినడానికి ఎంత హాయిగా ఉందో!

కాకపోతే రెండు వెర్షన్లకూ జాతకాలు కలవాలి. కలుస్తాయో లేదో చెప్పే పట్టిక ఒకటుంది. మన వెర్షన్ నుంచి మనకు కావలసినదానికి అందులో తిన్నని దారి ఎన్నడూ ఉండదు. మధ్యలో ఇంకో వెర్షన్‌లో మజిలీ చేయాలి, అంటే ఒక రాత్రి జాగారం రెండవుతుంది. లైన్‌కార్డులో ఎఫ్‌పీజీఏ అనే, మళ్లీ మళ్లీ ప్రోగ్రామ్ చేసుకోగల చిప్‌కు కూడా కొత్త కోడ్ కావాలంటే ఆ కార్డు ఆగి లేవక తప్పదు. అది నక్షత్రానికి పుట్టిన పిల్ల నక్షత్రం.

ఇక ఇరుగుపొరుగు. మన రూటర్ క్షణం తడబడితే పక్క రూటర్ కంగారుపడకుండా పాత దారుల్లోనే ప్యాకెట్లు పంపుతూ ఉండాలని రూటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే భాష బీజీపీలోని గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్ ప్రమాణం 2007లోనే చెప్పింది. మనం ఒక చేత్తో దాన్ని ఆన్ చేసి, రెండో చేత్తో, పొరుగు రూటర్ బతికుందా అని అస్తమానం పిలిచి చూసే బీఎఫ్‌డీని 50 మిల్లీసెకన్లకో పిలుపుకు బిగిస్తాం. మూడు పిలుపులకు పలకకపోతే, అంటే 150 మిల్లీసెకన్లలో, పొరుగువాడు పోయాడని చాటింపు వేయడమే బీఎఫ్‌డీ ఉద్యోగం. ఓపిక పట్టమని ఒకరికి, ఓపిక పట్టవద్దని ఇంకొకరికి జీతమిచ్చి పెట్టుకున్నట్టు.

రాత్రి రెండు గంటలప్పుడు ఈ సున్నాను దగ్గరినుంచి చూడాలి. కాన్ఫరెన్స్ కాల్‌లో పంతొమ్మిది మంది. కీబోర్డు మీద చేతులున్నది ఒక్కరివే. మిగతా పద్దెనిమిది మందీ వంతులవారీగా "అయిందా?" అని అడగడానికి హాజరైనవారు. ఒక మూల విండోలో "ఉన్నావా?" అని నెట్‌వర్క్‌ను అడుగుతూ పింగ్ నడుస్తోంది. జవాబులు గడియారం టిక్కుల్లా వస్తూ వస్తూ ఆగిపోయాయి.

"ఎన్ని పోయాయండీ?"

"పదకొండు సార్."

"పదకొండని రిపోర్టులో రాయకండి. స్వల్పం అనండి."

"ఇంకా పోతున్నాయి సార్. ఇప్పుడు ముప్ఫై."

"అయితే అతి స్వల్పం అని రాయండి."

ఆ పూట తయారీదారు తరఫున కాల్‌లో ఉన్న సహాయక ఇంజనీరు, అప్‌గ్రేడ్‌కు ముందు తీసిన లాగ్‌లు పంపమన్నాడు. పంపాం. మళ్లీ పంపమన్నాడు. మళ్లీ పంపాం. నలభై నిమిషాలు గడిచాక తన డ్యూటీ ముగిసిందనీ, తర్వాత వచ్చే సహోద్యోగికి మొదటినుంచి వివరించమనీ చెప్పి శుభరాత్రి పలికాడు. వెనక్కి వెళ్లే పథకం ఏమిటని ఎవరో అడిగితే మార్పు పత్రం తెరిచాం. "పై దశలను తలకిందులుగా అమలు చేయవలెను" అని ఉంది. పైన ఐదో దశ పాత సాఫ్ట్‌వేర్ ఇమేజ్‌ను చెరిపేయడం. ఇంతలో కాల్‌లో మ్యూట్ మరిచిపోయిన ఒక పెద్దమనిషి గురక మొదలైంది. ఆ రాత్రి అంతరాయం లేకుండా సాగిన సేవ అదొక్కటే.

దీనికి మందు లేక కాదు. ఒకటికి రెండు రూటర్లు పెట్టాలి. ఒకదాన్ని ముట్టుకునే ముందు దాని ట్రాఫిక్‌ను రెండోదానికి మళ్లించాలి. నెట్‌వర్క్ లోపలి దారులు ఎంచే ఓఎస్‌పీఎఫ్‌లో మెట్రిక్‌ను, అంటే దారి ఖర్చును, గరిష్ఠానికి పెంచవచ్చు, అదే పని చేసే ఐఎస్-ఐఎస్‌లో నా మీదుగా రావద్దని చెప్పే ఓవర్‌లోడ్ బిట్ పెట్టవచ్చు, బీజీపీకి గ్రేస్‌ఫుల్ షట్‌డౌన్ 2018 నుంచి ప్రమాణంగానే ఉంది. గ్రాఫులో గీత నేలకు దిగాక ఆ రూటర్‌ను ఎంతసేపు రీబూట్ చేసుకున్నా అడిగేవాడుండడు. కానీ రెండో రూటర్ అడిగిన ప్రతిసారీ నా ముఖాన పడేది ఈ కరపత్రమే. "ఇది ఆగకుండానే అప్‌గ్రేడ్ అవుతుంది కదా, ఇంకొకటి దేనికి?" ఏడాదికి 99.999 శాతం లభ్యత అని సంతకం పెడతారు. అంటే ఆగడానికి మిగిలింది 5 నిమిషాల 15 సెకన్లు. పెద్ద చాసిస్ ఒకసారి పూర్తిగా లేవడానికే అది చాలదు. అందుకని ముందుగా ప్రకటించి ఆపితే ఆగినట్టు కాదని ఒప్పందంలో ఇంకో వాక్యం.

2022 జూలై 8న కెనడాలో రోజర్స్ అనే టెలికాం సంస్థ తన నెట్‌వర్క్‌కు నడిబొడ్డైన కోర్‌ను అప్‌గ్రేడ్ చేస్తూ ఏడు దశల్లో ఆరో దశకు వచ్చింది. దారుల సమాచారాన్ని వడగట్టే ఒక ఫిల్టర్ తీసేశారు. దారుల వరద కోర్ రూటర్లను ముంచేసింది. 1.2 కోట్ల మందికి పైగా సేవలు పోయాయి. మొదటి దశకు ప్రమాదస్థాయి "అధికం" అని రాసిన పత్రాలు ఆరో దశకు వచ్చేసరికి "తక్కువ" అన్నాయి. ఎందుకంటే, అప్పటిదాకా ఏమీ కాలేదు కాబట్టి! రూటర్లను దూరం నుంచి సరిచేసే దారి కూడా అదే కోర్ మీద ఆధారపడింది కనుక దిద్దాల్సినవాళ్లకూ దిక్కు లేకపోయింది. ఆ రోజు ప్రాణం మీదికొచ్చి అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేసి, అవతల ఏ మోతా వినపడని మనిషికి ఏమని చెబుతారు? స్వల్పం అనా, అతి స్వల్పం అనా? సిగ్గుండాలి. ఇలాంటివి జరిగిన మర్నాడు అందరికీ రెడీగా దొరికే మాట "మానవ తప్పిదం". ఆ మానవుడు ఎప్పుడూ రాత్రి రెండింటికి కీబోర్డు ముందున్నవాడే. రెండో రూటర్‌ను కొట్టేసిన కలం మానవుల కిందికి రాదు కాబోలు.

వచ్చే వారం మళ్లీ అప్‌గ్రేడ్. మార్పు పత్రంలో "సేవలపై ప్రభావం" అనే గడిలో ఈసారి "ఉంది, సుమారు 40 సెకన్లు" అని రాసి పంపాను. ఈ ఉదయం తిరిగొచ్చింది. గడి చుట్టూ ఎర్ర గీత, పక్కన ఒక వాక్యం: దయచేసి సరిదిద్ది పంపగలరు.