డెబ్బై ఐదు శాతం... దేనిలో?

పలాసలో జీడి మిల్లు నడిపే మిత్రుడొకరు ఆ మధ్య బ్యాంకు అప్పు మంజూరు చేస్తూ ఇచ్చిన శాంక్షన్ లెటర్ తెచ్చి నా ముందు పెట్టారు. ‘‘ఇందులో లెక్క ఎక్కడ తప్పిందో చెప్పండి’’ అన్నారు. పాత బ్యాంకు సరుకు విలువ మీద 75 శాతం అప్పు ఇచ్చేది. కొత్త బ్యాంకు 80 శాతం ఇస్తామనేసరికి ఖాతా మార్చేశారు. తీరా మొదటి నెల సరుకు లెక్క, అంటే స్టాక్ స్టేట్‌మెంట్, ఇచ్చి చూసుకుంటే, వాడుకోగలిగిన సొమ్ము పద్నాలుగున్నర లక్షలు తగ్గింది.

లెక్క ఎక్కడా తప్పలేదు. అంకెలను కాస్త గుండ్రంగా సర్ది చెబుతాను. ఆ నెల ఆయన దగ్గరున్న సరుకు కోటి రూపాయలు. బస్తాల్లో జీడిపిక్కలు, టిన్నుల్లో పప్పు కలిపి 85 లక్షలు. ఉడికి, చెక్కు పగిలి, ఇంకా పొట్టు తీయాల్సిన సరుకు 15 లక్షలు. పిక్కలు అరువిచ్చిన వారికి కట్టాల్సింది 30 లక్షలు. పాత బ్యాంకు కోటిలోంచి ఆ 30 లక్షలు తీసేసి, మిగిలిన 70 లక్షల మీద 75 శాతం కట్టేది. అంటే 52.5 లక్షలు. కొత్త బ్యాంకు పత్రంలో సగం పనైన సరుకు అసలు లెక్కలోకే రాదు. 85 లక్షల మీద 80 శాతం, 68 లక్షలు. అందులోంచి అరువు బాకీ 30 లక్షలూ కోత. చేతికొచ్చేది 38 లక్షలు.

బాకీని ఎప్పుడు తీస్తారన్నదే ఎంత పని చేస్తుందో చూడండి. పాత బ్యాంకే శాతం కట్టాక బాకీ తీసి ఉంటే 52.5 లక్షలు కాస్తా 45 లక్షలయ్యేవి. శాతం అదే, సరుకు అదే, బాకీ అదే. ఏడున్నర లక్షలు మాత్రం మాయం.

సరుకు విలువలో అప్పుగా ఇచ్చే ఈ శాతాన్ని అమెరికా ఒప్పందాల్లో అడ్వాన్స్ రేటు అంటారు. మన బ్యాంకులు అదే మాటను తిరగేసి మార్జిన్ అంటాయి. మార్జిన్ 25 శాతమంటే రూపాయి సరుకులో పావలా మీది, ముప్పావలా బ్యాంకుది. అలా తేలిన మొత్తానికి డ్రాయింగ్ పవర్ అని పేరు. మంజూరైన లిమిట్ ఎంత ఉన్నా వాడుకోగలిగేది అంతే. మన వ్యాపారులు వడ్డీలో పావు శాతం కోసం మేనేజరుతో గంటసేపు బేరమాడతారు. ఆ ముప్పావలా ఏ రూపాయి లోంచి వస్తుందో మాత్రం అడగరు. ఆ రూపాయిని నిర్వచించే వాక్యం శాంక్షన్ లెటర్‌లో ఎక్కడో చివరి పేజీల్లో ఉంటుంది.

సగం పనైన సరుకును పక్కన పెట్టడంలో బ్యాంకు భయం అర్థమవుతుంది. ఉడికించి వదిలేసిన పిక్కలను రేపు వేలం వేస్తే కొనేదెవరు? కానీ జీడి మిల్లులో సరుకు ఒకచోట నిలవదు. 80 కిలోల బస్తా పగిలితే 20 నుంచి 24 కిలోల పప్పు వస్తుంది. బస్తా గోదాము దాటి బాయిలర్‌లో పడగానే బ్యాంకు కాగితం మీద ఆస్తి మాయమవుతుంది, పప్పై టిన్నులోకి చేరాక మళ్లీ పుడుతుంది. కూలీలకు డబ్బు కట్టాల్సిన రోజులు సరిగ్గా ఈ రెంటి మధ్యవే.

విలువ కట్టడం ఇంకో తంటా. పప్పులో 180 గుండు, 240, 320, బద్ద, ముక్క అని రకాలు... ఒక్కోదానికి ఒక్కో ధర. మిత్రుడు చూపించిన స్టేట్‌మెంట్‌లో ఉన్నది ఒకే ఒక్క వరస: ‘జీడిపప్పు, కిలోలు, విలువ’. కొన్న ధర, మార్కెట్ ధర రెంటిలో ఏది తక్కువైతే అది అని పత్రంలో రాశారు. ఏ మార్కెట్, ఏ రోజు ధర అన్నది లేదు.

సరుకుతో పాటు, పప్పు కొన్నవారి నుంచి రావలసిన బాకీలనూ బ్యాంకు లెక్కలోకి తీసుకుంటుంది. అక్కడ తగాదా అంతా తేదీదే. తొంభై రోజులు దాటిన బాకీని లెక్కలోంచి తీసేయడం రివాజు. ఆ తొంభై ఎప్పటి నుంచి? ఉత్తరాది వ్యాపారికి అరవై రోజుల గడువుతో పప్పు పంపారనుకోండి. బిల్లు తేదీ నుంచి లెక్కిస్తే గడువు తీరిన నెలకే ఆ బాకీ పనికిరాకుండా పోతుంది. గడువు తేదీ నుంచైతే మొత్తం 150 రోజులు నిలుస్తుంది.

వీటన్నిటికన్నా నాకు గుచ్చుకునేది ‘బ్యాంకు తన విచక్షణ మేరకు మార్జిన్‌ను మార్చవచ్చు’ అనే వాక్యం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. అలాంటి రోజున గోదాములో సరుకు తడిస్తే విలువ పడుతుంది, దాంతో డ్రాయింగ్ పవర్ పడుతుంది. అదే అదనుగా మార్జిన్ కూడా పెంచితే అప్పు అవసరమైన నెలలోనే తలుపు మూసుకుంటుంది. స్టేట్‌మెంట్ ఆలస్యమైనా ప్రమాదమే. మూడు నెలలు దాటిన స్టేట్‌మెంట్ మీద ఆధారపడిన వాడకాన్ని రిజర్వు బ్యాంకు నిబంధనలు సక్రమంగా లేనిదిగా చూస్తాయి. అది వరసగా తొంభై రోజులు సాగితే, మిల్లు నిక్షేపంగా నడుస్తున్నా ఖాతా మొండి బాకీ కిందకు వెళుతుంది.

అమెరికాలో గృహ రుణాల వాయిదాలు వసూలు చేసే సర్వీసింగ్ సంస్థల సంగతి చూస్తే నిర్వచనాన్ని ఎంత దూరం చెక్కవచ్చో తెలుస్తుంది. రుణగ్రహీత వాయిదా కట్టకపోతే చాలా ఒప్పందాల్లో ఆ సంస్థే ముందు తన జేబులోంచి, ఆ రుణాల్లో డబ్బు పెట్టిన మదుపరులకు చెల్లిస్తుంది. తర్వాత రాబట్టుకునే ఆ హక్కును చూపి తాను అప్పు తెచ్చుకుంటుంది. ఆ అప్పులో అడ్వాన్స్ రేటు ఒక్కటి కాదు. అసలు, వడ్డీ కోసం కట్టినదానికి ఒకటి, ఇంటి పన్ను, బీమాలకు కట్టినదానికి మరొకటి. ఇల్లు స్వాధీనం చేసుకోవడానికి కోర్టుకు వెళ్లక తప్పని రాష్ట్రాల్లో డబ్బు ఆలస్యంగా తిరిగొస్తుంది కాబట్టి రేటు తక్కువ. ప్రతి సొమ్ముకూ దాని వేగాన్ని బట్టి వెల కట్టారు. మన పత్రాల్లో ఆ ఓపిక కనిపించదు.

ఓపిక లేదనడం కూడా సరికాదేమో, బంగారం విషయంలో ఉంది. 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం సొంత అవసరాలకు తీసుకునే బంగారు రుణం రెండున్నర లక్షల లోపైతే విలువలో 85 శాతం, అయిదు లక్షల దాకా 80, ఆపైన 75 శాతం మించకూడదు. అక్కడితో ఆగలేదు. ముప్పై రోజుల సగటు ముగింపు ధర, ముందురోజు ముగింపు ధర, రెంటిలో తక్కువది తీసుకోవాలన్నారు. రాళ్ల విలువ కలపకూడదన్నారు. అసలు, వడ్డీ చివర్లో ఒకేసారి కట్టే రుణమైతే శాతాన్ని ఆ చివరి మొత్తంతో పోల్చి చూడాలన్నారు. దేనిలో శాతం అన్న ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు ఏముంటుంది?

మిల్లు యజమానికి ఆ రక్షణ లేదు. మార్జిన్‌ను, లెక్క కట్టే పద్ధతిని బ్యాంకుల బోర్డులకే వదిలేశారు. 2024 అక్టోబరు 1 నుంచి రుణ వివరాలన్నీ రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఒక పత్రంగా ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. చిన్న పరిశ్రమలకు సంబంధించి అది నిర్ణీత గడువులో తీర్చే టర్మ్ లోన్ల వరకే. పలాస మిల్లులు సరుకు చూపి నిత్యం తీసుకుంటూ, కడుతూ వాడుకునే క్యాష్ క్రెడిట్ దాని బయటే ఉండిపోయింది. క్యాష్ క్రెడిట్‌కూ ఆ పత్రం ఇవ్వాలి. నా కోరిక ఇంకాస్త పెద్దది: ఒక నెల సరుకుతో లెక్క చేసి చూపించిన తెలుగు పేజీ ఒకటి శాంక్షన్ లెటర్‌కు జోడించాలి. పేజీ చాలు, పుస్తకం అక్కర్లేదు.

మిత్రుడు ఆ పద్నాలుగున్నర లక్షల్లో కొంత పూడ్చుకోవడానికి ఇంట్లో బంగారం తాకట్టు పెట్టారు. రసీదు జేబులోంచి తీసి చూపించారు. గొలుసు బరువు, రాళ్ల తరుగు, క్యారెట్లు, ఆ రోజు గ్రాము ధర, ఇచ్చిన సొమ్ము... అన్నీ ఒకే పేజీలో ఉన్నాయి. దాన్ని శాంక్షన్ లెటర్ పక్కన పెట్టి, ఆ కాగితాల్లో ఇలాంటి పేజీ ఎక్కడుందోనని మళ్లీ మొదటి నుంచి తిరగేయడం మొదలుపెట్టారు.