ఆ డ్రైవర్‌ను ఎవరు చూసుకుంటున్నారో ముందు అడగండి

మార్చి నెలలో గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల ఒక కాటా ఆగిపోతే ఎంత ఇబ్బందో అక్కడ పనిచేసిన వారికి తెలుసు. ఆ రోజు ఉదయం ఏడు గంటలకే ఒక కోల్డ్ స్టోరేజీ గుమాస్తా గారు ఫోను చేశారు. "బాబూ, కాటా డబ్బా మీద బరువు కనిపిస్తోంది, కంప్యూటర్‌లోకి మాత్రం రావడం లేదు. బిల్లులు చేతితో రాస్తున్నాం, కొంచెం త్వరగా రండి" అన్నారు. నేను వెళ్లేసరికి టిక్కీల (మిర్చి బస్తాల) లోడుతో లారీలు గేటు దాటి రోడ్డు మీదికి బారులు తీరాయి. హమాలీలు నీడ వెతుక్కుంటున్నారు.

కాటాకు ఏ లోపమూ లేదు, కేబులుకు కూడా లేదు. ముందు రోజు రాత్రి కంప్యూటర్ తనంతట తాను అప్‌డేట్ అయింది. దానితో వచ్చిన కొత్త డ్రైవర్ (పరికరంతో కంప్యూటర్ మాట్లాడేలా చేసే ప్రోగ్రాం) మా పాత కేబులులోని చిప్‌ను గుర్తుపట్టింది, గుర్తుపట్టి కూడా పనిచేయనని నిరాకరించింది. ఆ రకం చిప్‌లకు ఇక మద్దతు ఇవ్వకూడదని దానిని తయారుచేసిన కంపెనీ నిర్ణయించుకుంది. అక్కడ ఎనిమిదేళ్లుగా రోజూ వందల తూకాలు సరిగ్గా చేరవేసిన కేబులు అది. నా ల్యాప్‌టాప్‌లో లైనక్స్ ఉంది. అదే కేబులు దానికి తగిలించాను. ఏమీ ఇన్‌స్టాల్ చేయలేదు, అర నిమిషంలో బరువు తెర మీదికి వచ్చింది. ఆ సీజను అంతా ఆ కాటా నా ల్యాప్‌టాప్‌తోనే నడిచింది.

ఇది ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ను పొగిడి ఇంకొకదాన్ని తిట్టడానికి రాస్తున్న పోస్టు కాదు. నా కోపం వేరే చోట ఉంది. పరికరాలు కొనేటప్పుడు ధర అడుగుతాం, వారంటీ అడుగుతాం. దాని డ్రైవర్ ఎక్కడ ఉంటుంది, పదేళ్ల తరువాత దాన్ని ఎవరు బాగుచేస్తారు అని ఎవరూ అడగరు.

యూఎస్‌బీ వచ్చింది 1996లో. దానిలోని మంచి ఆలోచన ఏమిటంటే, పరికరాలను తరగతులుగా విడదీయడం. కీబోర్డు, మౌస్ ఒక తరగతి, పెన్‌డ్రైవ్ ఒకటి, ప్రింటర్ ఒకటి, కెమెరా ఒకటి. పరికరం తగిలించగానే తన తరగతి సంఖ్య చెబుతుంది. అందుకే ప్రపంచంలోని లక్షలాది రకాల పెన్‌డ్రైవ్‌లను ఒకటి రెండు డ్రైవర్లే నడపగలుగుతున్నాయి. కాటాలకు వాడే సీరియల్ కేబుళ్ల దగ్గరకు వచ్చేసరికి ఈ క్రమం దెబ్బతింది. వాటిలో చాలా చిప్‌లు తమ పద్ధతి తమదేనని ప్రకటించుకుంటాయి. కాబట్టి చిప్‌కొక డ్రైవర్ కావాలి. లైనక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం కెర్నల్. అందులో సీహెచ్341, సీపీ210ఎక్స్, పీఎల్2303 వంటి చిప్‌ల డ్రైవర్లన్నీ ఒకే సీరియల్ విభాగంలో ఉంటాయి. అన్నింటికీ అవసరమయ్యే పని అంతా ఆ విభాగపు ఉమ్మడి భాగంలో ఒక్కసారే రాసి ఉంటుంది. చిప్‌కు ప్రత్యేకమైన నాలుగు మాటలు మాత్రమే ఆయా డ్రైవర్లో ఉంటాయి. ఉమ్మడి భాగంలో ఒక దోషం దిద్దితే అన్ని కేబుళ్లూ ఒకేసారి బాగుపడతాయి.

పాత 2.4 వెర్షన్ కెర్నల్ రోజుల్లో యూఎస్‌బీ డ్రైవర్లలో చాలా భాగం ఒకే డైరెక్టరీలో కుప్పగా ఉండేవి. తరువాత వాటిని విడదీశారు. ఇప్పుడు యూఎస్‌బీ నెట్‌వర్క్ డ్రైవర్లు నెట్‌వర్క్ విభాగంలో, వెబ్‌క్యామ్ డ్రైవర్లు మీడియా విభాగంలో ఉంటాయి. ఏ తీగ ద్వారా వస్తోంది అని చూడలేదు, ఏ పని చేస్తోంది అని చూసి సర్దారు. నా దృష్టిలో ఇది చాలా మంచి నిర్ణయం. వీడియో సంగతి తెలిసినవారి చేతిలో వీడియో డ్రైవర్ ఉండాలి.

ఇక నాకు అన్నింటికంటే ఇష్టమైన ఫైలు గురించి చెప్పాలి. పెన్‌డ్రైవ్‌ల విభాగంలో 'అన్‌యూజువల్ డెవ్స్' అని ఒకటి ఉంది. నియమాలు పాటించని పరికరాల జాబితా అది. ఉదాహరణకు, పెన్‌డ్రైవ్‌లో నిల్వ గదులు వెయ్యి ఉన్నాయనుకోండి. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి చివరి గది సంఖ్య 999. "నీ చివరి గది సంఖ్య ఎంత?" అని కెర్నల్ అడిగితే 999 అని చెప్పాలి. కొన్ని పరికరాలు 1000 అని చెబుతాయి. కెర్నల్ ఆ మాట నమ్మి వెయ్యో సంఖ్య గదిని చదవబోతే అక్కడ ఏమీ ఉండదు, కొన్ని పరికరాలు అక్కడే బిగుసుకుపోతాయి. అందుకని ఆ జాబితాలో ఒక పద్దు ఉంటుంది: ఈ తయారీదారు సంఖ్య, ఈ ఉత్పత్తి సంఖ్య, ఈ వెర్షన్ నుంచి ఈ వెర్షన్ వరకు, చెప్పిన దానిలో ఒకటి తగ్గించుకో. వెర్షన్ హద్దులు ఎందుకంటే, కంపెనీ తరువాత తప్పు దిద్దుకుంటే కొత్త పరికరానికి ఈ శిక్ష తగలకూడదు కదా! చాలా పద్దుల పైన సమస్యను తెలియజేసిన మనిషి పేరు ఉంటుంది. ఎక్కడో ఒకరి కెమెరా పనిచేయలేదు, వారు ఓపికగా వివరాలు పంపారు, ఆ తరువాత అదే కెమెరా కొన్న ప్రతి ఒక్కరికీ అది పనిచేసింది.

ఆ జాబితాలో అనవసరమైన పద్దు ఉన్నా కెర్నల్ ఊరుకోదు. ఈ పరికరానికి ఈ వివరం అక్కరలేదు, దయచేసి ఈ సందేశాన్ని మాకు పంపండి అని తన లాగ్‌లో రాస్తుంది. పెంచడంతో పాటు తగ్గించడం గురించి కూడా ఆలోచించిన వారు ఇంటిని ఎలా చూసుకోవాలో తెలిసినవారు.

మరోవైపు విడిగా జిప్ ఫైలులో డ్రైవర్ ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. మా వినియోగదారుల్లో ఒకరి దగ్గర హాజరు యంత్రానికి అలాంటి డ్రైవరే ఉండేది. కెర్నల్ 6.1కు మారగానే అది కంపైల్ కావడం, అంటే కోడ్ నుంచి నడిచే ప్రోగ్రాంగా మారడం, మానేసింది. 2022 డిసెంబరులో వచ్చిన ఆ కెర్నల్‌లో సీరియల్ పోర్టు అమరికలు మార్చే ఒక ఫంక్షన్ రూపం కాస్త మారింది, ఒక్క 'కాన్‌స్ట్' అనే మాట చేరింది, అంతే. కెర్నల్ లోపల ఉన్న డ్రైవర్లన్నింటినీ ఆ మార్పు చేసినవారే సరిచేశారు. అక్కడి నియమమే అది. లోపలి ఏర్పాటు మార్చేవారు దానిపై ఆధారపడిన వాటిని కూడా మార్చాలి. జిప్ ఫైలులో ఉన్నదాన్ని ఎవరు మారుస్తారు? ఆ కంపెనీకి మూడుసార్లు ఫోను చేశాను. దాన్ని రాసినాయన ఉద్యోగం మానేశారట. చివరికి ఆ ఒక్క మాట నేనే చేర్చాను. తరువాతి కెర్నల్‌కు మళ్లీ దిద్దాల్సి వచ్చింది.

కెర్నల్ లోపలి ఏర్పాట్లు మారకుండా ఉంచితే ఈ బాధ ఉండదు కదా అని విజయవాడలో ఒక మిత్రుడు వాదించాడు. నేను ఒప్పుకోను. యూఎస్‌బీ లోపలి ఏర్పాటును ఇప్పటికి కనీసం మూడుసార్లు తిరగరాశారు. దానివల్లే ఆ విభాగం ఇంత వేగంగా, ఇంత శుభ్రంగా ఉంది. పాత తప్పులను కాపాడడం కోసం అందరూ నష్టపోనక్కరలేదు. డ్రైవర్ కెర్నల్ లోపలికి వస్తే చాలు.

గుంటూరు, విజయవాడల మధ్య ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నాయి. ఏటా ఎంతమంది పిల్లలు చివరి సంవత్సరం ప్రాజెక్టులను డబ్బు పెట్టి కొనుక్కుంటున్నారో అధ్యాపకులకు తెలియదా? ఒక్కొక్కరి చేతికి మన యార్డులో మూలన పడేసిన ఒక కేబులు ఇవ్వండి. అది ఎందుకు పనిచేయడం లేదో కనుక్కోమనండి. ఒక్క పద్దు కెర్నల్‌లోకి వెళ్లినా సరే, ఆ విద్యార్థి పేరు చరిత్రలో నిలిచి ఉంటుంది. అంతకంటే మంచి ప్రాజెక్టు నాకు తోచడం లేదు.

పరికరాలు కొనే సంస్థలకూ ఒక మాట. కొటేషన్ అడిగే కాగితంలో ఒక వాక్యం చేర్చండి: డ్రైవర్ ప్రధాన కెర్నల్‌లో ఉండాలి, లేకపోతే దాని సోర్సు కోడ్ మాకు ఇవ్వాలి.

గత వారం అదే కోల్డ్ స్టోరేజీకి కొత్త కాటా వచ్చింది. దాని కేబులులో తెలిసిన చిప్పే ఉంది, కానీ కాటా తయారీదారు తన సొంత ఉత్పత్తి సంఖ్య వేసుకున్నాడు. అందువల్ల కెర్నల్ దాన్ని పట్టించుకోలేదు. 'న్యూ ఐడీ' అనే ఫైలులోకి దాని తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్య రాయగానే డ్రైవర్ దాన్ని అందుకుంది, బరువులు వస్తున్నాయి. కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే ఆ ఏర్పాటు చెరిగిపోతుంది. కాబట్టి ఆ సంఖ్యలను కెర్నల్‌లో చేర్చే ఒక్క వాక్యపు ప్యాచ్ (దిద్దుబాటు) సిద్ధం చేశాను. అదే నమూనా కాటా విజయవాడలో ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. పంపేముందు రెండో చోట కూడా పరీక్షించాలి.