ఓనరు గారి ప్రవేశ పరీక్ష

ఏప్రిల్ 23న బడులు మూస్తారు, జూన్ 12న తెరుస్తారు. నడుమ ఉన్న కాలాన్ని ప్రభుత్వం వారు వేసవి సెలవులంటారు. పిల్లలకు సెలవులే కావచ్చు. కోదాడ నుంచో, కావలి నుంచో, మంచిర్యాల నుంచో పిల్లల చదువు కోసం హైదరాబాదుకు కాపురం మార్చే తల్లిదండ్రులకు మాత్రం అది పరీక్షల సీజను. ఈ పరీక్షల గురించి పత్రికలు పట్టించుకోవు, టీవీల్లో చర్చ పెట్టరు, పాసైన వాళ్ళ ఫొటోలు ఫ్లెక్సీల మీద వేయరు. ఇంత అన్యాయం మరే పోటీ పరీక్షకూ జరగలేదు.

బడిలో చేరే పిల్లలకు మన దేశంలో ప్రవేశ పరీక్ష పెట్టకూడదు. 2009 విద్యాహక్కు చట్టం, 13వ సెక్షన్. పిల్లలకే కాదు, వాళ్ళ అమ్మానాన్నలకు కూడా ఏ రకమైన వడపోతా పెట్టకూడదని అందులో స్పష్టంగా ఉంది. పెడితే మొదటిసారి 25 వేల దాకా, ఆ తర్వాత పెట్టినప్పుడల్లా 50 వేల దాకా జరిమానా. రాసినవాళ్ళు ముందుచూపు ఉన్నవాళ్ళే. కానీ ఊరు కాని ఊరొచ్చిన పిల్లవాడు బడి గేటు చేరాలంటే ముందు ఒక ఇంటి గేటు దాటాలన్న సంగతి వాళ్ళకు తట్టలేదు. ఆ గేటుకు "టు-లెట్, ఓన్లీ ఫ్యామిలీస్" అని బోర్డు వేలాడుతుంటుంది. 13వ సెక్షన్ అక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది. బడిలో రద్దయిన పరీక్ష మాత్రం చెప్పులు విడిచి లోపలికెళ్ళి ఓనరు గారి సోఫాలో కూర్చుంటుంది.

నేను ఓనర్లను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఎంత పద్ధతిగా పరీక్ష నిర్వహిస్తున్నారో చెప్పి, రావలసిన గౌరవం ఇప్పిద్దామని నా తాపత్రయం. పేపర్ లీకయ్యిందనీ, మళ్ళీ పెట్టాలనీ కోర్టులకెక్కే పరీక్షలు ఎన్నో చూశాం. ఈ పరీక్షలో పేపర్ అందరికీ ముందే తెలుసు, అయినా ఫెయిలవుతూనే ఉంటారు. నాణ్యత అంటే అదీ.

ప్రిలిమ్స్ వాచ్‌మన్ దగ్గర. ఆయన మిమ్మల్ని చూడడు, మీ బండిని చూస్తాడు. బండి నెంబరును బట్టి జిల్లా, బండిని బట్టి జీతం తేల్చి, "పైన మేడమ్ ఉన్నారు, అడగండి" అనో "ఓనర్లు ఊళ్ళో లేరు సార్" అనో ఫలితం ప్రకటిస్తాడు. మెయిన్స్ ఆంటీ దగ్గర. అంకుల్ దగ్గర ఇంటర్వ్యూ ఉంటుంది గానీ అది లాంఛనమే; ఆయన పేపర్ పక్కకు పెట్టి, "వాస్తు ప్రకారం కట్టించామండీ" అని ఒక్క మాట చెప్పి మళ్ళీ పేపర్ ఎత్తుకుంటారు.

మెయిన్స్ ఇలా సాగుతుంది.

"ఎంతమంది ఉంటారమ్మా?"

"నలుగురం ఆంటీ. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు."

"అత్తగారు వాళ్ళు?"

"ఊళ్ళోనే ఉంటారండీ. అప్పుడప్పుడూ వచ్చి వెళ్తుంటారు."

"అప్పుడప్పుడూ అంటే?"

ఇక్కడ చాలామంది తడబడతారు. ఆంటీకి అత్తగారి మీద కోపమేం లేదు. ఆమె స్నానం చేస్తుంది, బట్టలు ఉతుకుతుంది, సాయంత్రం తులసిచెట్టుకు నీళ్ళు పోస్తుంది, అదీ ఇబ్బంది. బోరు ఎండాకాలంలో మధ్యాహ్నానికే చేతులెత్తేస్తుంది, ట్యాంకరు తెప్పించాలి. కాబట్టి హైదరాబాదులో అత్తగార్లు సంక్రాంతికి, దసరాకు మాత్రమే ఉనికిలోకి వస్తారు. అమ్మ ఈ లెక్క ప్రకారం జాగ్రత్తగా జవాబు చెబుతుండగా, పక్కనే నిలబడ్డ పిల్లవాడు, "నానమ్మ మనతోనే వస్తుంది కదమ్మా, సూట్‌కేసు కూడా సర్దుకుంది" అంటాడు. అమ్మ వాడి భుజం మీద ప్రేమగా చెయ్యి వేసి గిల్లుతుంది. బడి తెరవడానికి ఇంకా నెల రోజులుండగానే నీతిశాస్త్రంలో మొదటి పాఠం ఇలా పూర్తవుతుంది. ఫీజు లేదు, యూనిఫాం లేదు.

తర్వాతి ప్రశ్నలు తేలిక. గోడలకు మేకులు కొట్టకూడదు. రాత్రి పదయ్యాక మెట్ల మీద చప్పుడు చేయకూడదు. పిల్లలు సెల్లారులో బంతి ఆడకూడదు. లిఫ్టులో ఎక్కొచ్చు, బటన్ నొక్కకూడదు. "వెజిటేరియనే కదా?" అన్నదానికి అవుననాలి. ఆదివారం ఆంటీ వాళ్ళ వంటింట్లోంచి మసాలా ఘాటు మెట్లు దిగి వచ్చినా నోరెత్తకూడదు. ఇల్లు వాళ్ళది, కోడీ వాళ్ళది.

అసలు గొప్పతనం సామాజిక పేపర్లో కనబడుతుంది. కులం అడగడం మర్యాద కాదని ఓనర్లందరికీ తెలుసు. అందుకే ఎవరూ అడగరు. "ఇంటి పేరేంటి బాబూ?" అంటారు. ఆ ఇంటి పేరు రెండు మూడు చోట్ల ఉండేదైతే, "ఏ ఊరు మీది?" అంటారు. ఊరు చెప్పాక, "ఊళ్ళో ఎక్కడ, రామాలయం దగ్గరేనా?" అంటారు. రామాలయానికి మీ ఇల్లు ఎంత దూరమో తేలేసరికి ఫలితం కూడా తేలిపోతుంది. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం కులగణన కోసం ఇంటింటి కుటుంబ సర్వే చేయించింది. వేలమంది ఎన్యూమరేటర్లు, 75 ప్రశ్నలు. ఆంటీ దగ్గర మూడు ప్రశ్నలు నేర్చుకుని ఉంటే ఎంత స్టేషనరీ మిగిలేదో ఆర్థిక శాఖ ఆలోచించాలి.

కొందరికి ఆ మూడు కూడా అక్కర్లేదు. పేరు చెప్పగానే, "అయ్యో, నిన్ననే ఒకళ్ళు వచ్చి అడ్వాన్సు ఇచ్చి వెళ్ళారండీ" అంటారు. పేరు ఏ మతానిదో, గల్లీ ఏ పేటదో బట్టి నిన్న అడ్వాన్సు ఇచ్చినవాళ్ళు ఈ నగరంలో లెక్కలేనంతమంది. చిత్రం ఏమిటంటే ఆ ఇచ్చినవాళ్ళు దిగరు. నెల తర్వాత చూసినా ఇల్లు తాళం వేసే ఉంటుంది, బోర్డు వేలాడుతూనే ఉంటుంది. ప్రతి వేసవిలోనూ ఇంతమంది మనుషులు అడ్వాన్సులిచ్చి అదృశ్యమైపోతుంటే నగరంలోని పోలీసులంతా ఏం చేస్తున్నట్టు? మూడో తరగతి పాసైన పిల్లవాడికి బోర్డు కూడబలుక్కుని చదవడం వచ్చు. "మరి బోర్డు తీయలేదేం నాన్నా?" అంటాడు. నాన్న బండి స్టార్ట్ చేస్తూ, "మర్చిపోయుంటారులే" అంటాడు.

పాసైనవాళ్ళకు లెక్కల క్లాసు ఉంటుంది. ఫ్లాటు 1,200 చదరపు అడుగులన్నారు కదా అని లోపల నడిచి చూస్తే తొమ్మిది వందల దగ్గరే గోడ తగులుతుంది. మిగతా మూడు వందలూ మెట్ల మీద, లిఫ్టులో, వాచ్‌మన్ గదిలో పంచి ఉంటాయి. వాటి మీద మీకు హక్కుంది, మంచం వేసుకోవడానికి లేదు. రెండు నెలల అద్దె అడ్వాన్సు. ఖాళీ చేసేటప్పుడు అందులో ఒక నెలది రంగులకు కోత. గోడకు మేకు కూడా కొట్టనివ్వని ఇంట్లో రంగులెందుకు పోతాయని అడిగితే సున్నమే సమాధానం. బెంగళూరులో పది నెలలది అడిగేవాళ్ళున్నారని చెప్పి బ్రోకరు ఓదార్చి, తన ఒక నెలది తీసుకుంటాడు. 2021 జనవరి నుంచి నగరంలో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల దాకా తాగునీరు ఉచితం. ఓనరు గారు దాన్ని కూడా మెయింటెనెన్సులో కలిపి ఇస్తారు.

ఇక తాళంచెవి. శుక్రవారం ఇవ్వరు, లక్ష్మి గడప దాటుతుంది. అడ్వాన్సు మాత్రం శుక్రవారమే తీసుకుంటారు, లక్ష్మి గడప లోపలికి వస్తుంది కాబట్టి. మంగళవారం మీకు పనికిరాదు. శనివారం మీ అమ్మగారికి పనికిరాదు. జూన్ దాటితే ఆషాఢం. ఈ లెక్కన పాలు పొంగించడానికి మిగిలేది ఒక బుధవారం, తెల్లవారుజామున, సామాను లారీ ఇంకా సూర్యాపేట దగ్గరుండగా.

బడి సంగతి చెప్పలేదు కదూ. చెప్పడానికి పెద్దగా లేదు. "సీట్లు జనవరిలోనే అయిపోయాయి" అని రిసెప్షన్‌లో అమ్మాయి నవ్వుతూ చెబుతుంది. ఊళ్ళో పిల్లవాడు ఇంకా యాన్యువల్ పరీక్షలకు కూర్చోకముందే నగరంలో వాడి తరగతి నిండిపోయిందన్నమాట. తర్వాత ఒక సీటు ఎక్కడి నుంచో పుడుతుంది. చట్టానికి భయపడి పరీక్ష పెట్టరు, "ఇంటరాక్షన్" ఉంటుంది. నాన్నను ఎక్కడ చదివారని, అమ్మను ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడతారా అని అడుగుతారు. అప్పటికే ఆంటీ చేతుల్లో నలిగొచ్చిన దంపతులు కాబట్టి అత్తగారు లేరని అడక్కుండానే చెప్పేస్తారు.

ఈ చట్టాలన్నీ పొల్లుపోకుండా అమలయ్యే బడి ఒకటి ప్రతి పేటలోనూ ఉందని కొందరు గుర్తుచేస్తుంటారు. నిజమే. టీసీ ఆలస్యమైందని పిల్లవాణ్ణి ఆపకూడదని విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ అంటుంది, అక్కడ ఆపరు. పుస్తకాలు ఊరికే ఇస్తారు, మధ్యాహ్నం అన్నం పెడతారు, అమ్మ ఇంగ్లీషు గురించి ఆరా తీయరు. ఇన్ని సౌకర్యాలున్న చోటును మధ్యతరగతి వదులుకోలేదు. ఇల్లు వెతికేటప్పుడు ప్రతిరోజూ వాడుకుంటుంది: "గవర్నమెంట్ స్కూల్ దాటాక రెండో సందు, ఎడమ పక్క."

కాగితాల దగ్గరికొస్తే నగరం మనిషికి తర్కం నేర్పుతుంది. బడివాళ్ళకు ఇంటి చిరునామాకు రుజువు కావాలి, అంటే అద్దె అగ్రిమెంటు. ఓనరు గారికి అగ్రిమెంటు అంటే మనస్తాపం: "నమ్మకం ఉండాలి గానీ కాగితాలెందుకమ్మా?" ఏడాదికి లక్ష దాటిన అద్దెకు పన్ను మినహాయింపు అడగాలంటే ఓనరు పాన్ నెంబరు ఆఫీసులో ఇవ్వాలని మీరు నసుగుతారు. అంతటితో ఆ నమ్మకం కూడా పోతుంది. బతిమాలగా బతిమాలగా పదకొండు నెలలకు రాసిస్తారు. ఏడాది దాటే లీజును రిజిస్టర్ చేయించాలని 1908 నాటి చట్టం చెబుతుంది మరి. బడి కూడా ఏడాదికి పదకొండు నెలలకు మించి నడవదు గనుక దీన్ని బ్రిటిష్‌వారు విద్యార్థుల కోసమే రాశారని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆధార్‌లో చిరునామా మార్చుకుంటామంటే మాత్రం అంకుల్ పేపర్ కింద పెట్టేస్తారు. రేపు ఇల్లు మాదేనంటే?

ఈలోగా పిల్లవాడు ఎక్కడున్నాడు? ఊళ్ళో బడి టీసీ ఇచ్చేసింది. ఇక్కడి బడి ఇంకా పేరు ఎక్కించుకోలేదు. బడి పిల్లల వివరాలు నమోదు చేసే కేంద్ర విద్యాశాఖ వారి యూడైస్ పోర్టల్‌లో ఇలాంటి పిల్లల కోసం ఒక చోటు ఉంది, దాని పేరు డ్రాప్ బాక్స్. పాత బడి పిల్లవాణ్ణి అందులో వేస్తుంది, కొత్త బడి అందులోంచి తీసుకోవాలి. మేమంతా ఏప్రిల్ నుంచి హైదరాబాదులో ఇల్లు వెతుక్కుంటున్నామే గానీ, అద్దె లేకుండా, కులం అడక్కుండా, నానమ్మ ఊసెత్తకుండా పిల్లవాడికి కేంద్ర ప్రభుత్వం అప్పటికే ఒక చోటు చూపించింది. అందులో వాస్తు ఎలా ఉందో ఎవరూ చూడలేదు.

అసలు ఇంత తొందరెందుకు, పదో తరగతి అయ్యాక రావచ్చు కదా అనేవాళ్ళకు ఒక మాట. ప్రతి కుటుంబంలోనూ లోకల్, నాన్-లోకల్ లెక్క తెలిసిన పెదనాన్న ఒకాయన ఉంటారు. తెలంగాణ 2018 ఉత్తర్వుల ప్రకారం ఉద్యోగాలకు ఒకటి నుంచి ఏడో తరగతి దాకా కనీసం నాలుగేళ్ళు ఎక్కడ చదివితే అక్కడే లోకల్ అని ఆయన వేళ్ళ మీద లెక్క కడతారు. "నాలుగులో చేర్చావంటే నాలుగు, ఐదు, ఆరు, ఏడు. సరిగ్గా సరిపోతుంది. ఏడాది ఆగావా, వాడి గ్రూప్-2 పోయినట్టేరా!" పిల్లవాడికి తొమ్మిదేళ్ళు. గ్రూప్-2 పోతుందన్న భయంతో వాడి అమ్మానాన్నలు ఎండలో నిజాంపేట సందులన్నీ తిరుగుతుంటారు. బోర్డు మీద "నిజాంపేట, మెట్రోకు దగ్గర" అని ఉన్న ఇల్లు బాచుపల్లి దాటాక దొరుకుతుంది.

కాబట్టి ప్రభుత్వానికి నా సూచనలు కొన్ని. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర నేర్పని విద్య లేదు. ఓనరు ఇంటర్వ్యూకు కూడా 45 రోజుల క్రాష్ కోర్సు పెట్టించాలి, మాక్ ఆంటీలతో సహా. అందులో పాసైనవాళ్ళకు ఒక సర్టిఫికెట్ ఇచ్చి, నానమ్మను తెచ్చుకోవడానికి గ్రేస్ మార్కులు కలపాలి. అడ్వాన్సు ఇచ్చి అదృశ్యమైనవాళ్ళ మీద ఒక సిట్ వేయాలి.

అన్నిటికంటే అత్యవసరమైనది మరొకటుంది. పదకొండు నెలలు నిండేసరికి ఏటా మే నెలలో ఓనరు గారి అబ్బాయి అమెరికా నుంచి వచ్చేస్తుంటాడు. ఇల్లు ఖాళీ చేసేస్తాం, అతను రాడు, అద్దె మూడు వేలు పెరిగి కొత్తవాళ్ళు దిగుతారు, వాళ్ళకూ మళ్ళీ మేలో వస్తాడు. విద్యాశాఖ ఏటా అకడమిక్ క్యాలెండర్ అచ్చు వేస్తుంది కదా, దసరా సెలవులు ఎప్పటినుంచి, సంక్రాంతి సెలవులు ఎన్నాళ్ళు, ఎస్ఏ-2 పరీక్షలు ఏ తేదీల్లో అని. ఆ వరసలోనే ఓనర్ల అబ్బాయిల రాక తేదీలు కూడా పేటల వారీగా వేయించాలి. విమానం ఆలస్యమైతే సవరణ ఉత్తర్వులు ఇచ్చుకోవచ్చు.